పిల్లల అంటువ్యాధులు: రాయచెర్లు, పావగడ సీమలో నివారణ, పరిచర్య

గాలి, తుమ్ముల తుంపర్లు, నీళ్లు, మురికి చేతులు, ఈగలు, దోమలు, ఇలా ఏదో ఒక దారిన ఒకరి నుంచి ఇంకొకరికి పాకే జబ్బులు అంటువ్యాధులు. వాటిలో తట్టు, ఆటలమ్మ, గవదబిళ్లలు, కోరింత దగ్గు, కంఠసర్పి, పోలియో, రోటావైరస్ విరేచనాలు ముఖ్యంగా పిల్లల మీద పడతాయి. తల్లి కడుపులో ఉండగా అందిన రక్షణ పుట్టిన కొన్ని నెలలకే తరిగిపోతుంది. సొంత రక్షణ అప్పటికింకా కుదురుకోదు. ఆ సందులోనే జబ్బు చొరబడుతుంది. వీటిలో చాలావాటికి కారణం వైరస్‌లు. తట్టు వచ్చిన బిడ్డకు ఆ వైరస్‌ను నేరుగా చంపే మందు పెద్దాసుపత్రిలోనూ లేదు. అందుకే ముందు టీకా, జబ్బు వచ్చాక పరిచర్య, ఈ రెండింటి మీదే బిడ్డ ప్రాణం ఆధారపడుతుంది. ఆ పరిచర్యలో ఎక్కువ భాగం జరిగేది ఇంట్లో, తల్లి చేతుల మీదుగా. నర్సు, ఏఎన్ఎమ్, ఆశా కార్యకర్త చేసే పనుల్లో అన్నిటికన్నా విలువైనది ఆ చేతులకు పని నేర్పడం.

రాయచెర్లు కర్ణాటకలోని తుమకూరు జిల్లా, పావగడ తాలూకాలో ఉంది. పావగడ పాత మైసూరు సంస్థానపు తాలూకా అయినా చుట్టూ దాదాపు అన్ని వైపులా అనంతపురం సీమే. ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడం. ఇక్కడి సౌర విద్యుత్ పార్కు వల్ల రాయచెర్లు పేరు బయటివాళ్లకు తెలిసింది. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ల భూముల్లో సుమారు 13,000 ఎకరాల మేర పరుచుకున్న ఆ పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లు. వానలు తక్కువ, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, పని కోసం బెంగళూరు దారి పట్టే కుటుంబాలు ఎక్కువ. పిల్లల జబ్బులతో ఈ మూడింటికీ సంబంధం ఉంది.

అమ్మవారి నుంచి టీకా దాకా

మశూచిని ఈ సీమలో పెద్దమ్మవారు అనేవారు. జబ్బు పడ్డ ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు, పరాయివాళ్లను లోపలికి రానిచ్చేవారు కాదు, పొయ్యి మీద తాలింపు వేసేవారు కాదు, పెరుగన్నం, అంబలి లాంటి చలువ చేసే తిండి పెట్టేవారు. మశూచి దేవతగా కొలిచిన శీతలాదేవికి పావగడ శనిమహాత్మ గుడిలో నేటికీ పూజలు జరుగుతున్నాయి. ఆ పద్ధతుల్లో రోగిని విడిగా ఉంచడం అన్నది వైద్యశాస్త్రం మెచ్చేదే. గుమ్మంలో వేపమండ చూసి వెనక్కి తిరిగిపోయిన ప్రతి మనిషీ తన ఇంటి పిల్లలను కాపాడుకున్నట్టే. అయితే మందు ఇవ్వకూడదు, ఆస్పత్రికి తీసుకుపోతే అమ్మవారికి కోపం వస్తుంది అనే నమ్మకం మాత్రం చాలామంది పిల్లలను పొట్టన పెట్టుకుంది.

మన దేశంలో మొదటి మశూచి టీకా 1802 జూన్‌లో బొంబాయిలో మూడేళ్ల పాపకు వేశారు. మైసూరు సంస్థానం త్వరలోనే ఆ దారి పట్టింది. దివాన్ పూర్ణయ్య కాలంలో రాజకుటుంబమే ముందుకొచ్చి టీకా వేయించుకోవడంతో ప్రజల జంకు కొంత తగ్గింది. 1805లో థామస్ హికీ గీసిన మైసూరు రాణుల చిత్రంలో ఒకామె చేయి చూపిస్తున్నది టీకా వేయించుకున్న చోటునేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. దేశంలో చివరి మశూచి కేసులు 1975 మే నెలలో బయటపడ్డాయి. 1980 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ జబ్బు భూమ్మీద లేదని ప్రకటించింది.

క్షయకు వేసే బీసీజీ కథ ఇంకా దగ్గరిది. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం శానటోరియం అప్పటికే దక్షిణాదికంతా తెలిసిన క్షయ ఆస్పత్రి. 1978లో విస్తృత టీకా కార్యక్రమం, 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమం మొదలయ్యాయి. పోలియో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్ హావ్‌డాలో నమోదైంది. 2014 మార్చి 27న భారతదేశానికి పోలియో రహిత గుర్తింపు వచ్చింది. 2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా టీకా ప్రచారాన్ని దేశంలో అన్నిటికన్నా ముందు ప్రారంభించిన రాష్ట్రాల్లో కర్ణాటక ఒకటి. 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు బడుల్లోనే సూది వేశారు. ఆ టీకా మీద వాట్సాప్‌లో తిరిగిన వదంతులకు భయపడి పిల్లలను బడికి పంపని తల్లిదండ్రులూ ఉన్నారు. వాళ్లను ఒప్పించింది వాళ్లకు తెలిసిన టీచరమ్మలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశాలే.

టీకా పట్టిక, సరిహద్దు చిక్కు

పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్-బి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్, పోలియో చుక్కలు, రోటావైరస్ టీకా. వీటితో పాటు ఆరు, పద్నాలుగు వారాలకు పోలియో సూది, న్యుమోనియాను అడ్డుకునే పీసీవీ. తొమ్మిది నెలలు నిండగానే తట్టు-రుబెల్లా మొదటి మోతాదు, పోలియో సూది మూడోది, పీసీవీ బూస్టర్, విటమిన్-ఎ. 16 నుంచి 24 నెలల మధ్య తట్టు-రుబెల్లా రెండోది, డీపీటీ, పోలియో బూస్టర్లు. ఐదారేళ్లకు ఇంకో డీపీటీ, పదికీ పదహారుకీ టీడీ. పెంటావాలెంట్ ఒక్క సూదిలో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ అనే ఐదింటికి రక్షణ ఉంది. మెదడువాపుకు వేసే జేఈ టీకాను 2022 డిసెంబరులో తుమకూరు జిల్లాకూ తెచ్చారు. ఆ జబ్బుకు మన దేశంలో తయారైన జెన్‌వాక్ టీకాకు మూలం కోలార్‌లో దొరికిన వైరస్. దాన్ని టీకాగా మలచింది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్. రోటావాక్ కూడా ఆ సంస్థదే. రోటావైరస్ టీకా ప్రభుత్వ పట్టికలోకి 2016లో మొదట నాలుగు రాష్ట్రాల్లో వచ్చింది, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఉంది.

తట్టు టీకా రెండుసార్లు ఎందుకని తల్లులు అడుగుతుంటారు. తొమ్మిది నెలలకు వేసిన మొదటి మోతాదు నూటికి సుమారు 85 మందికే పడుతుంది, ఎందుకంటే తల్లి నుంచి వచ్చిన రక్షణ ఇంకా కాస్త మిగిలి ఉండి టీకాను పనిచేయనివ్వదు. మిగిలినవాళ్లను రెండోది అందుకుంటుంది. తట్టు ఒక్కరికి వస్తే టీకా లేనివాళ్లలో 12 నుంచి 18 మందికి అంటగలదు. అందుకే ఊళ్లో నూటికి 95 మందికి రెండు మోతాదులూ పడితే తప్ప అది ఆగదు.

సరిహద్దు పల్లెలో చిక్కు ఇక్కడే వస్తుంది. రాయచెర్లు కోడలి పుట్టిల్లు మడకశిర పక్కనో కళ్యాణదుర్గం పక్కనో ఉంటుంది. మొదటి కాన్పు పుట్టింట్లోనే. పుట్టగానే వేసే టీకాలు, ఆరు వారాలవి ఆంధ్రలో పడతాయి. బాలింత అత్తింటికి తిరిగొచ్చాక మిగతావి కర్ణాటకలో వేయించాలి. ఆంధ్రలో టీకా రోజులు బుధ, శనివారాలు, ఇక్కడ గురువారం. అక్కడి తల్లీబిడ్డల కార్డులో రాతలు తెలుగులో, ఇక్కడి తాయి కార్డులో కన్నడంలో. తట్టును దడార అని, కంఠసర్పిని గంటలు మారి అని, కోరింత దగ్గును నాయి కెమ్ము అని కన్నడంలో రాసి ఉంటే తెలుగు మాత్రమే చదివిన తల్లికి ఏ టీకా పడిందో తెలియదు. ఆ లోపు కుటుంబం బెంగళూరులో కట్టడం పనికి వెళ్తే, 16 నెలలకు పడాల్సిన రెండో మోతాదు ఏ ఊరి పుస్తకంలోనూ ఉండదు. మొదటి టీకాలన్నీ పడి రెండో తట్టు టీకా దగ్గర తప్పిపోయే పిల్లలు ఈ రకంవాళ్లే. దేశమంతటికీ ఒకే నమోదుగా వచ్చిన యూ-విన్ ఈ కష్టాన్ని తీర్చగలదు, తల్లి ఫోన్ నంబరు మారకుండా ఉంటే. నంబరు మారే ఇళ్లలో కాగితం కార్డే గట్టి ఆధారం. దాన్ని రేషన్ కార్డుతో పాటు దాచుకోవాలి.

టీకా మందును ఎప్పుడూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. పావగడ ఎండలో ఐస్ ప్యాకుల పెట్టె మోసుకుంటూ మోటార్ సైకిల్ మీద ఊరూరా తిరగడం చిన్న పని కాదు. సీసా మీద గుండ్రటి గీత లోపల చిన్న చదరం ఉంటుంది. ఆ చదరం వలయం కన్నా లేత రంగులో ఉన్నంతవరకే మందు పనికొస్తుంది. వేడి తగిలేకొద్దీ అది నల్లబడి వలయం రంగులో కలిసిపోతుంది. తట్టు-రుబెల్లా, బీసీజీ సీసాలు ఒకసారి కలిపితే నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. టీకా వేశాక అరగంట కూర్చోబెట్టడం, ఏ టీకా వేశారో, మళ్లీ ఎప్పుడు రావాలో, జ్వరం వస్తే ఏం చేయాలో చెప్పడం నర్సు బాధ్యత. బీసీజీ వేసిన ఎడమ భుజం మీద కొన్ని వారాలకు చిన్న పొక్కు వచ్చి మానుతుంది. దానికి పసుపు గానీ పౌడర్ గానీ పూయనక్కర్లేదు.

తట్టు వచ్చిన బిడ్డ దగ్గర

తట్టు సోకిన పది రోజుల తర్వాత జ్వరం, ముక్కు కారడం, దగ్గు, కళ్లు ఎర్రబడటంతో మొదలవుతుంది. బుగ్గల లోపలి వైపు ఉప్పు రవ్వల్లా తెల్లచుక్కలు కనిపిస్తాయి. మూడు నాలుగు రోజులకు చెవుల వెనక ఎర్రటి దద్దు లేచి ముఖం, ఛాతీ, కాళ్ల దాకా దిగుతుంది. దద్దు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచి వచ్చాక నాలుగు రోజుల వరకు అంటుతుంది. అంటే జబ్బు తట్టేనని తెలిసేలోపే అంగన్‌వాడీలో పక్కన కూర్చున్న పిల్లలకు సోకి ఉంటుంది. కాబట్టి ఒక్క కేసు కనిపించగానే ఏఎన్ఎమ్‌కు చెప్పాలి, ఊళ్లో టీకా పడని పిల్లలను అప్పుడే వెతికి పట్టుకోవాలి.

తట్టు బిడ్డను చంపేది ఎక్కువగా దద్దు కాదు, దాని వెనకే వచ్చే న్యుమోనియా, విరేచనాలు, తిండి లేక ఒళ్లు కృశించడం. అందుకే మొదటి పరిచర్య ఊపిరి లెక్కపెట్టడం. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, పాలు తాగుతూ కాకుండా ఊరికే పడుకున్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కించాలి. అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేయకూడదు, పసిపిల్లల ఊపిరి ఒకే తీరుగా సాగదు. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, ఆ పైన ఉంటే న్యుమోనియా అనుమానించి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద లోపలికి గుంజుకుపోతున్నా, ఏమీ తాగలేకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలకకుండా మత్తుగా ఉన్నా లెక్కపెడుతూ కూర్చోకూడదు, 108కి ఫోన్ చేయాలి.

రెండోది కళ్లు. శుభ్రమైన దూదిని కాచి చల్లార్చిన నీళ్లలో తడిపి, ముక్కు వైపు నుంచి బయటికి మెల్లగా తుడవాలి, ఒక కంటికి వాడింది ఇంకో కంటికి వాడకూడదు. పుసి కడితే టెట్రాసైక్లిన్ ఆయింట్‌మెంట్ రాస్తారు. తల్లిపాలు కళ్లలో పిండటం, ఆకు పసర్లు పోయడం వల్ల చూపు పోయే ప్రమాదం ఉంది. తట్టు వచ్చిన ప్రతి బిడ్డకూ వరుసగా రెండు రోజులు విటమిన్-ఎ ఇవ్వాలి: ఆరు నెలల లోపు 50,000 యూనిట్లు, ఆరు నెలల నుంచి ఏడాది లోపు లక్ష, ఏడాది దాటితే రెండు లక్షలు. చూపు పోకుండా, ప్రాణం పోకుండా కాపాడేది ఇది. వైద్య సిబ్బంది చేతి మీదుగానే వేయించాలి.

మూడోది తిండి. నోరు పూసి ఉంటుంది గనక కారం, పులుపు తగ్గించాలి తప్ప తిండి తగ్గించకూడదు. పాలు తాగే బిడ్డకు రొమ్ముపాలు మరిన్ని సార్లు, పెద్ద పిల్లలకు పలుచటి రాగి సరి, పప్పు నీళ్లు కలిపి మెత్తగా నలిపిన అన్నం, గుడ్డు, అరటిపండు, రోజుకు ఐదారు విడతలుగా కొంచెం కొంచెం పెట్టాలి. ఈ సీమలో రాగులకు, చెనక్కాయలకు కొదవ లేదు. చెనక్కాయ గింజలు వేయించి పొడి చేసి సరిలో కలిపితే బలం. గింజలుగా మాత్రం చిన్న పిల్లలకు ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. దద్దు తగ్గినంత మాత్రాన పని అయిపోలేదు. తట్టు వైరస్ పాత జబ్బుల మీద ఒళ్లు నేర్చుకున్న రక్షణను చెరిపేస్తుంది, ఆ తర్వాత నెలల తరబడి బిడ్డకు ఏ జబ్బయినా తేలిగ్గా సోకుతుంది. తగ్గాక కొన్ని వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా పెట్టాలి, అంగన్‌వాడీలో బరువు తూయించాలి.

ఆటలమ్మ, గవదబిళ్లలు

చిన్నమ్మవారు అని పిలిచే ఆటలమ్మ చాలామంది పిల్లల్లో వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. నీటి పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా బిడ్డను బడికి పంపకూడదు. గుమ్మాన వేపమండ కట్టుకోవచ్చు, ఇరుగుపొరుగుకు అది మంచి హెచ్చరిక. కానీ ఒంటికి నీళ్లు తగలకూడదనే పట్టింపు మాత్రం వదలాలి. రోజూ గోరువెచ్చటి నీళ్లు పోసి మెత్తటి బట్టతో అద్దితే పొక్కులు చీము పట్టవు, దురద తగ్గుతుంది. గోళ్లు కత్తిరించాలి. జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్ ఇస్తే కాలేయం, మెదడు దెబ్బతినే అరుదైన ప్రమాదం ఉంది. ఇంట్లో చూలాలు ఉంటే, అప్పుడే పుట్టిన పాప ఉంటే డాక్టరుకు చెప్పాలి, వాళ్లకు ఇది తేలిక జబ్బు కాదు.

గవదబిళ్లలకు ప్రభుత్వ పట్టికలో టీకా లేదు. వాపు మొదలైన ఐదు రోజులు వేరుగా ఉంచి, నమలనక్కర్లేని తిండి పెట్టాలి. వాపు మీద నీలిమందు పూస్తే హాని లేదు, లాభమూ లేదు. తలనొప్పితో వాంతులు, మెడ బిగుసుకోవడం, మగపిల్లల్లో వృషణాల నొప్పి కనిపిస్తే ఆస్పత్రికి వెళ్లాలి.

గొంతు జబ్బులు

కంఠసర్పి పోయిందనుకోవడం ప్రమాదం. హైదరాబాద్ నల్లకుంటలో జనం కోరంటి అని పిలిచే ఫీవర్ ఆస్పత్రిలో, బెంగళూరు ఇందిరానగర్ దగ్గరి అంటువ్యాధుల ఆస్పత్రిలో ఈ జబ్బును తరాలుగా చూస్తూనే ఉన్నారు. గొంతు నొప్పి, కొద్దిపాటి జ్వరంతో మొదలై టాన్సిల్స్ మీద బూడిద రంగు పొర కడుతుంది. గీకితే రక్తం వస్తుంది, కాబట్టి దాన్ని ఇంట్లో ఎవరూ వేలు పెట్టి తీయబోకూడదు. ఈ జబ్బు విషానికి విరుగుడైన యాంటీటాక్సిన్ ఎంత త్వరగా పడితే అంత మేలు, పరీక్ష ఫలితం వచ్చేదాకా కూడా ఆగరు. నర్సు చూపు రెండింటి మీద ఉండాలి: ఊపిరి మార్గం మూసుకుపోతోందా, నాడి తేడాగా కొట్టుకుంటోందా. విషం గుండెకు ఎక్కేది చాలాసార్లు రెండో వారంలో, గొంతు బాగైందని అందరూ ఊపిరి పీల్చుకున్నాక. అందుకే పిల్లవాడు ఎంత హుషారుగా కనిపించినా మంచం దిగనివ్వకూడదు. ఇంట్లో మిగతావాళ్లకు యాంటీబయాటిక్, టీకా ఇవ్వాలి.

కోరింత దగ్గు ఆరు నెలల లోపు పసికందులకు గండం. పెద్ద పిల్లల్లో దగ్గు తెరలు తెరలుగా వచ్చి చివర కూత పెడుతుంది. పసికందుకు కూత కూడా ఉండదు, ఊపిరే కాసేపు ఆగి ఒళ్లు నీలం తిరుగుతుంది. అలాంటి బిడ్డ ఆస్పత్రిలో ఉండాల్సిందే. తగ్గేదాకా దగ్గు తెర పోయిన వెంటనే కొద్దిగా పాలు పట్టాలి, కక్కితే మళ్లీ పట్టాలి. పొయ్యి పొగ, బీడీ పొగ దరి చేరనివ్వకూడదు.

విరేచనాలు, నీళ్లు

ఒక ఓఆర్ఎస్ పొట్లం ఒక లీటరు నీళ్లలో మొత్తం కలపాలి. సగం పొట్లం గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు కీడు. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు వారికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆ పై పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు చెంచాతో పట్టాలి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా మొదలుపెట్టాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు జింక్ 20 మిల్లీగ్రాములు, ఆ లోపు రెండు నెలల పైబడినవారికి 10, విరేచనాలు ఆగినా సరే పద్నాలుగు రోజులూ వేయాలి. పొట్ట చర్మాన్ని చిటికెతో పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటోందంటే, కళ్లు లోతుకుపోయాయంటే ఒంట్లో నీరు తగ్గినట్టు. కలిపిన ఓఆర్ఎస్‌ను 24 గంటలు దాటాక పారబోయాలి.

ఏ నీళ్లు అన్నది పావగడలో పెద్ద ప్రశ్న. మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి పిల్లల తాగుడుకు శుద్ధి నీటి కేంద్రం నుంచి తెచ్చిన నీళ్లే వాడి, వాటినే కాచాలి. కేంద్రంలో శుభ్రంగా ఉన్న నీళ్లు ఇంట్లో చెడిపోయేది కడగని క్యాన్ వల్ల, చేయి ముంచే చెంబు వల్ల. పిడి ఉన్న గరిటెతోనో కొళాయి ఉన్న బిందెతోనో తీసుకోవాలి. నీళ్లు దాచుకునే తొట్లలో, డ్రమ్ముల్లో డెంగీ దోమ పెరుగుతుంది, వారానికోసారి ఖాళీ చేసి రుద్ది కడగాలి.

ధనుర్వాతం ఒకరి నుంచి ఒకరికి అంటదు. అయినా బొడ్డు కోసిన చోట బూడిద, పేడ, పసుపు పెట్టే అలవాటున్నంత కాలం దాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. గర్భిణికి టీడీ టీకా, శుభ్రమైన బ్లేడు, పొడి బొడ్డు, ఇంతే నివారణ. నవజాత శిశువుల్లో ఈ జబ్బును దాదాపు లేకుండా చేసినట్టు భారత్‌కు 2015లో గుర్తింపు వచ్చింది. ఇక ఇంట్లో పెద్దవాళ్లకు క్షయ ఉందని తేలితే పిల్లలందరినీ పరీక్ష చేయించాలి. జబ్బు లేని చిన్న పిల్లలకూ ముందు జాగ్రత్త మందు ఉచితంగా ఇస్తారు.

2026 నాటికి తట్టు, రుబెల్లాలను దేశంలో లేకుండా చేయాలనే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ప్రచారం ప్రారంభించింది. ఆ లక్ష్యం నెరవేరాలంటే రాయచెర్లు లాంటి సరిహద్దు ఊళ్లలో తప్పిపోయిన రెండో మోతాదు దొరకాలి. టీకా ఒకటి తప్పితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగిన చోటు నుంచి కొనసాగించవచ్చు. తట్టు-రుబెల్లా టీకా ఐదేళ్ల వరకు, డీపీటీ ఏడేళ్ల వరకు వేస్తారు. మీ ఇంట్లో ఐదేళ్ల లోపు బిడ్డ ఉంటే ఇవాళే కార్డు తీసి చూడండి. 16 నెలలు నిండినా ఆ గడి ఖాళీగా ఉంటే, బిడ్డ ఆంధ్రలో పుట్టినా, కర్ణాటకలో పుట్టినా, కార్డు ఏ భాషలో ఉన్నా వచ్చే గురువారం ఏఎన్ఎమ్ దగ్గరికి తీసుకెళ్లండి. కార్డు పోయినా సరే వెళ్లండి, టీకా వేస్తారు.